సెట్ అనే మాట అయిపోయిన సాయంత్రం

నిఘంటువు ఆఫీసులో ఆవిడ చదువుతుంది, ఆయన వింటాడు. అచ్చుకు వెళ్ళేముందు ప్రతి మాటనూ ఒకరు పైకి చదవాలి, రెండోవారు తన ప్రతిలో చూసుకుంటూ "ఊ" కొట్టాలి. అక్కడి పద్ధతి అది. చుక్క తేడా వచ్చినా పట్టేస్తాడని ఆయనకు కామాగారని పేరు పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ "ఊ" తప్ప ఆయన నోట్లోంచి ముత్యాలేమీ రాలలేదు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. ఆవిడ పెళ్ళి మాట ఎత్తడం ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఆవిడ మాత్రం ఆ "ఊ" మీదే మనసు పారేసుకుంది. చెప్తే నవ్వుతారు.

ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది సెట్ అనే ఇంగ్లీషు మాట. కొరకరాని కొయ్య. సూర్యుడు అస్తమించినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, విరిగిన ఎముకను సరిచేసినా అదే, టీ కప్పులన్నీ కలిపినా అదే. పోనీ అన్నీ ఒక తల్లి పిల్లలా అంటే, కాదు. "కూర్చోబెట్టు" అనే పాత ఇంగ్లీషు క్రియ ఒక మూలం. జట్టు అనే అర్థం లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇద్దరు తల్లుల బిడ్డలు ఒకే పేరు పెట్టుకుని ఒకే ఇంట్లో ఉంటున్నారన్నమాట. ఇక మనవాళ్ళు "సంబంధం సెట్ అయింది" అంటూ ఆ ఇంటికి ఇంకో గది వేశారు.

ఈ మాట అయిపోగానే కామాగారికి వేరే ఊళ్ళోని అచ్చాఫీసుకు బదిలీ. ఆ "ఊ" వినపడని గదిని ఆవిడ ఊహించుకోలేకపోయింది. అందుకే కొత్త అర్థాలు తవ్వి తెస్తూనే ఉంది. "మీ సెట్ ఇంకా సెట్ కాలేదా?" అని పక్క గదివాళ్ళు ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. ఎంత తవ్వినా మాటకు అడుగంటూ ఉంటుంది కదా. ఆ సాయంత్రానికి ఆఖరి పేజీ మిగిలింది.

చివరి ఉదాహరణ చదివింది. "ఊ" అన్నాడాయన. కాగితం దించకుండా, అదే గొంతుతో ఆవిడ ఇంకో వాక్యం చదివేసింది.

"రేపట్నుంచి మీరు రారంటే ఈ గదిలో నాకు ఊపిరాడదు."

ఆయన వేలు తన ప్రతి మీద పైకీ కిందికీ వెతికింది.

"ఇందులో సెట్ ఎక్కడుందండీ?"

"లేదండీ."

"నా ప్రతిలో ఈ వాక్యమే లేదు."

"ఉండదండీ." ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. "పొరపాటున వచ్చింది. కొట్టెయ్యండి."

ఆయన కలం తీశాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు గానీ, కొట్టెయ్యడానికి అక్కడేమీ లేదు మరి. చివరికి కలం మూసి, ప్రతి మూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఇంకోసారి చెప్పండి," అన్నాడు. "ఆ కాగితం పక్కన పెట్టి."