చుక్కాని పట్టిన రోజు

"సాక్సులు ఇప్పుడే మార్చుకోకు గ్లెనిస్, ఇంకా పన్నెండు లాకులున్నాయి" అన్నాడు క్లైవ్, ఆమె అందించిన టీ కప్పు పుచ్చుకుంటూ.

మాటలో విసుగు లేదు. నిజానికి ప్రేమగానే అన్నాడు. పొడి సాక్సులు కూడా తడిసిపోతాయని అతని బాధ. గ్లెనిస్ నీళ్లు కారుతున్న బూట్లలోకే మళ్లీ కాళ్లు దూర్చి, తూములెత్తే ఇనుప హ్యాండిల్ నడుముకు దోపుకుని గట్టెక్కింది.

టార్డ్‌బిగ్ అనే ఊరి దగ్గర కాలవ, నీటి మెట్లలాంటి ముప్పై లాకులతో కొండెక్కుతుంది. పొద్దున్నించీ వాన. ఇప్పటికి పద్దెనిమిది లాకుల దగ్గర తూములు ఎత్తి, నీళ్లు నింపి, నడుముతో తలుపులు నెట్టింది గ్లెనిస్. క్లైవ్ పడవ వెనక గొడుగు కింద నిలబడి చుక్కాని పట్టుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. పడవ కొన్న మొదటి వారం ఆమె చుక్కాని పడితే దాని ముక్కు లాకు గోడకు తగిలింది. గట్టు మీదివాళ్లు చూస్తుండగా, "ఈవిడకిస్తే పడవని పొలాల్లోకి తోలుతుంది!" అని నవ్వాడు క్లైవ్. ఆమె కూడా నవ్వింది. అత్తగారైతే, "మగాడు నడుపుతుంటే పక్కన నిలబడటం కూడా పనేనమ్మా" అంది, ఓదార్పుగా. బడి వంటింట్లో ముప్పై ఏళ్లు మూడొందల మంది పిల్లల గిన్నెలెత్తిన చేతులు కదా, ఈ తూములొక లెక్కా అనుకుంది గ్లెనిస్ కూడా. అలా అనుకోవడం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అలవాటైపోయిందో ఆమెకే తెలియదు.

తర్వాతి లాకు నిండా నీళ్లున్నాయి. దిగాల్సిన పడవ ఒకటి దాని ఎగువన గట్టుకు కట్టి ఉంది. పక్కనే ఎనభై ఏళ్ల ముసలావిడ కర్రకు ఆనుకుని తడుస్తోంది.

"మంచి సమయానికొచ్చావ్ అమ్మాయ్! నా పేరు విన్నీ. మోకాలు పట్టేసింది, పడవలోకి దిగలేకపోతున్నా. గట్టు మీద పనంటావా, మెల్లగా కానిస్తా. నువ్వు పడవ లాకులోకి తీసుకురా. ఈ ఒక్కటీ దాటితే చాలు, కింద మా అబ్బాయొచ్చి అందుకుంటాడు."

అరవై నాలుగేళ్ల మనిషిని అమ్మాయ్ అంటే గ్లెనిస్‌కి నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. "నాకు నడపడం రాదండీ. మా ఆయన కింద ఉన్నారు, పిలుస్తాను."

"రాదని ఎవరన్నారు?"

గ్లెనిస్ నోరు తెరిచింది. జవాబు నాలిక దాకా వచ్చింది కానీ, ఈ ముసలావిడ ముందు 'మా ఆయనే' అని చెప్పాలంటే ఎందుకో సిగ్గేసింది. విన్నీ పడవలోకి దిగింది.

ఇంజను అరికాళ్ల కింద గుడగుడలాడింది. చుక్కాని ఎడమకి నెడితే ముక్కు కుడికి తిరుగుతుంది. గట్టు మీద నుంచి చూసీ చూసీ ఆ సంగతి ఆమెకు ఒంటబట్టేసింది. పడవ మెల్లగా లాకులోకి జారింది. విన్నీ తలుపు మూసి, కుంటుకుంటూ అవతలికి నడిచి తూములెత్తింది. నీళ్లు తగ్గేకొద్దీ నాచు పట్టిన గోడలు రెండు వైపులా పైకి లేచాయి. ఇన్నేళ్లూ లాకుని పైనుంచే చూసింది. లోపల ఇంత చల్లగా, ఇంత చాటుగా ఉంటుందని తెలియదు. ఒంటరిగా, ఎవరి చూపూ తన మీద లేకుండా నిలబడి ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది.

కింది తలుపులు తెరుచుకున్నాయి. బయటికొస్తుంటే పడవ పక్క గోడకు ధన్‌మని తగిలింది. గ్లెనిస్ చుక్కాని బిగించి పట్టుకుంది. పడవ మాత్రం కాస్త ఒరిగి, సర్దుకుని, తన దారిన తను ముందుకు పోయింది. పద్నాలుగేళ్లు భయపడింది ఇందుకా?

గొడుగు కింద క్లైవ్ నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె అతన్ని దాటి, విన్నీ పడవని ఒడ్డుకు చేర్చి, తాడు కట్టి, తన పడవ దగ్గరికి నడిచొచ్చింది.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాడు.

"నిన్ను చూస్తూనే." హ్యాండిల్ అతని చేతికిచ్చింది. "ఇప్పుడు నువ్వెళ్లు."

అతను ఒకసారి ఆమె ముఖం చూశాడు. గొడుగు ఆమెకిచ్చి గట్టెక్కాడు. గ్లెనిస్ తమ పడవని లాకులోకి తీసుకెళ్లాక పైన అతను ఆయాసపడటం వినిపించింది. ఒకసారి హ్యాండిల్ జారింది. చాలాసేపటికి గోడ అంచు మీంచి తడిసిన తల కనిపించింది.

"ఇది ఇంత బరువని ఎప్పుడూ చెప్పలేదేం గ్లెనీ?"

గ్లెనీ అని పిలిచి ఎన్నేళ్లైందో. ఆమెకు జాలేసింది. హ్యాండిల్ అందుకోబోయిన చేతిని చుక్కాని మీదే ఉంచుకుంది.

"రేపు కూడా నేనే నడుపుతాను" అంది.

వానలో వినపడలేదేమో, అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఈసారి ఆమె గట్టిగా చెప్పింది.