ఎవరి పీట నుంచి వాళ్లు

1986 జూలై 21, సోమవారం. కర్కిటక మాసం మొదటి వారం కావడంతో పొద్దుటి నుంచి తెరిపి లేని వాన. కొల్లం నుంచి కొట్టారక్కర వెళ్లే రోడ్డు పక్కన జీడిపప్పు ఫ్యాక్టరీ, అందులో కొట్టుడు షెడ్డు. అక్కడ ఉన్నవారు: కురచ పీటల మీద వరసలుగా కూర్చుని, జీడినూనె అంటకుండా చేతులకు బూడిద రాసుకుని, కాల్చిన గింజలు పగలగొడుతున్న ఆడవాళ్లు, తలుపు దగ్గర బల్ల వెనక దివాకరన్ మేస్త్రి, ఆ బల్ల ముందు, పొత్తికడుపు అదుముకుని నిలబడ్డ కుంజుపెణ్ణు అనే ముసలామె.

ఆ షెడ్డుకంతకూ ఒకే ఒక చెక్క బిళ్ల. మరుగుదొడ్డికి వెళ్లదలచిన మనిషి మేస్త్రి బల్ల మీది మేకు నుంచి ఆ బిళ్ల తీసుకుని వెళ్లాలి, తిరిగి వచ్చి తగిలించాలి. మేకున బిళ్ల లేకపోతే మరొకరు పీట మీద నుంచి లేవకూడదు. ఆ సోమవారం మేకున బిళ్ల లేదు. అలాగని బయటికి వెళ్లిన మనిషీ లేదు. బిళ్ల మేస్త్రి చొక్కా జేబులో ఉంది.

"మేస్త్రీ, బిళ్ల ఇయ్యి. ఆపుకోలేకపోతున్నా."

"ఇప్పుడే గదా కంజి తాగొచ్చావు? కుండెడు పట్టించేటప్పుడు తెలీదా?"

"నీకు తల్లిలాంటిదాన్ని నాయనా."

"మా అమ్మ మా ఇంట్లో ఉంది. నువ్వెళ్లి పీట మీద కూర్చో."

కుంజుపెణ్ణు కూర్చోలేదు. ఆమెకు ఆ వ్యవధి దొరకలేదు. పాదాల చుట్టూ సిమెంటు నేల తడిసి, ఆ తడి మెల్లగా బల్ల కిందికి పారింది. ముసలామె తల దించుకుని, కట్టుకున్న ముండు పంచె అంచు పాదాల మీదికి లాక్కుని, అలాగే నిలబడిపోయింది.

"గొడ్ల కొట్టం చేసి పెట్టావు గదే!" మేస్త్రి ఒక చేత్తో ముక్కు మూసుకున్నాడు. "తుడిచి మరీ పో."

అప్పుడు ముందు వరసలో భార్గవి లేచింది. ఆమె చేతిలోని కొట్టుడు కర్ర, జేబు మీద అడ్డంగా ఉన్న మేస్త్రి రెండో చేతి మణికట్టు మీద ఒక్కసారి పడింది.

మర్నాడు భార్గవికి అభియోగపత్రం అందింది. పై ఉద్యోగిని కర్రతో కొట్టి ఎముక విరగగొట్టిన దుష్ప్రవర్తన. పనిలోంచి తాత్కాలిక తొలగింపు. ఫలానా తేదీన విచారణ. నిందితురాలు కోరితే తోటి కార్మికురాలినొకరిని సహాయంగా తెచ్చుకోవచ్చు. భార్గవి ఓమన పేరు చెప్పింది. ఇద్దరి పీటలూ పక్కపక్కనే ఉంటాయి. ఓమన పదో తరగతి దాకా చదివింది. అంతకుమించిన కారణం లేదు.

*

టీకొట్టు మీది యూనియన్ గదిలో ఆ సాయంత్రం మీటింగు జరిగింది. కార్యదర్శి చంద్రసేనన్‌ను అందరూ సఖావు, అంటే కామ్రేడ్, అని పిలుస్తారు. యూనియన్ కోసం రెండుసార్లు జైలుకు వెళ్లిన మనిషి. ఆయన లేచి, ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు.

"ఎవరూ ఏమీ చూడలేదు. మేస్త్రి తడి నేల మీద జారి పడ్డాడు, చెయ్యి విరిగింది. అందరిదీ ఒకే మాట. పొల్లు పోకూడదు."

"అలాగే సఖావే!" అని గది హోరెత్తింది.

ఓమన మాత్రం ఆ హోరులో గొంతు కలపలేకపోయింది. నిరుడు జగదమ్మ విచారణలోనూ ఇదే జరిగింది. మేనేజరును బూతులు తిట్టిందని జగదమ్మ మీద అభియోగం. సాక్ష్యానికి వెళ్లిన ప్రతి మనిషీ ఒకే వాక్యం అప్పజెప్పింది. ఆఖరి వరసలో కూర్చునే ఐషా బీవి కూడా చేతులు ఊపుతూ, "నా కళ్లారా చూశాను సారే, జగదమ్మ నోరే విప్పలేదు" అంది. ఆ రోజున ఐషా బీవి పనిలోనే లేదు; కూతురి కాన్పుకని ఆసుపత్రిలో ఉంది. విచారణాధికారి నవ్వి, 'ఇది నేర్పిన సాక్ష్యం' అని రాశాడు. పని పోయిన జగదమ్మ ఇప్పుడు నెత్తిన మత్తి చేపల గంపతో ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే నడిచిపోతుంది.

"సఖావే, మరి కొట్టిందా లేదా? అది ముందు తేల్చుకుందాం" అంది ఓమన.

"తేల్చడానికి నువ్వెవరివి, జడ్జివా? మన మనిషి గదా?"

"మన మనిషి కాబట్టే అడుగుతున్నా. జగదమ్మ చేచి, మన అక్క, అప్పుడు మన మనిషి కాదా?"

గుమ్మం దగ్గర గంప దించుకుని కూర్చున్న జగదమ్మ తలెత్తింది. "నన్ను మేనేజరు ముంచలేదే పిల్లా. మీ ప్రేమ ముంచింది. నేను తిట్టాను. ఎందుకు తిట్టానో చెప్పే మనిషి ఒక్కతి ఉండుంటే చాలు. అందరూ కలిసి నా నోరు నొక్కేశారు."

"ఏడవకు చేచీ, నేనేదో మంచికనే..." ఐషా బీవి కళ్లు తుడుచుకుంది.

"ఏడుపు కాదే, చేపలు వాసనొస్తున్నాయి. తొందరగా తేల్చండి."

నవ్వులు రేగాయి. గోడ పక్కన భార్గవి మాత్రం నవ్వలేదు. "నేను కొట్టాను" అంది. "కొట్టలేదంటే ఆ దెబ్బ నాది కాకుండా పోతుంది. అది నాకే కావాలి."

*

విచారణంటే ఏమిటో ఓమనకు తెలియదు. తెలియని పనిని ఆమె తప్పుతోనే మొదలుపెట్టింది. పీట పీట దగ్గరికీ వెళ్లి, "మేస్త్రి ఆ ముసలామెను చూసి నవ్వాడు గదా?" అని అడిగింది. నవ్వాడన్నారు అందరూ. వెనక వరసలో, బస్తాల చాటున కూర్చునేవాళ్లూ నవ్వాడన్నారు. రెండో రోజుకల్లా ఆ నవ్వు వికటాట్టహాసమైంది. మూడో రోజున మేస్త్రి ముసలామె చెయ్యి పట్టుకుని గుంజాడు కూడా. గుంజలేదని, అసలు నవ్వనే లేదని ఓమనకు తెలుసు. ముందు వరసలోంచి ఆమె తన కళ్లతో చూసింది. అబద్ధాన్ని వాళ్ల నోట్లో పెట్టింది మరెవరో కాదు, తన ప్రశ్నే.

విసుగుతో తల పట్టుకుని మళ్లీ మొదటి పీట నుంచి మొదలుపెట్టింది.

"నీ పీట నుంచి నీకేం కనపడింది? అది చెప్పు. కనపడనిది కనపడలేదను."

"కనపడలేదంటే భార్గవికి ద్రోహం చేసినట్టు కాదా?"

"కనపడిందంటేనే ద్రోహం."

"ఇదేం యూనియన్ తల్లీ! కళ్లకు కూడా గీత గీస్తున్నావు!"

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆదివారం ఆమె దివాకరన్ మేస్త్రి ఇంటికి వెళ్లింది. ఆ కబురు ఆమెకన్నా ముందే పేట చేరింది. తిరిగొచ్చేసరికి వీధి కుళాయి దగ్గర మాటలు రెడీగా ఉన్నాయి. "వాడి గడప తొక్కావా? టీ కూడా తాగావట?" తాగింది. మేస్త్రి భార్యే పాలు లేని టీ ఇచ్చింది. పిండికట్టు వేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మేస్త్రి వాన వైపు చూస్తూ చెప్పాడు.

"తుడిచి పొమ్మన్నాను. అది నా నోటి పాపం, ఒప్పుకుంటా. బిళ్ల జేబులో పెట్టుకోమంది మాత్రం నేను కాదు. ఆడాళ్లు లేచిన కొద్దీ పప్పు తగ్గుతోందని పైనుంచి చీవాట్లు. అక్కడ విచారణలో ఈ మాట అడిగావంటే చెప్పను. నాకూ పొయ్యి వెలగాలి."

ఆ సాయంత్రం యూనియన్ గదిలో ఆమె ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. కొందరు మండిపడ్డారు. చంద్రసేనన్ బీడీ ఆర్పి, నిదానంగా అన్నాడు: "అంటే మనం ఇన్నాళ్లూ జేబునే చూశాం. జేబులో పెట్టించిన చేతిని చూడలేదు."

ఇక మిగిలింది కుంజుపెణ్ణు. ఆ సోమవారం తర్వాత ఆమె పనికి రాలేదు. గుడిసెలో గోడవైపు తిరిగి పడుకునే మాట్లాడింది.

"నా పేరు ఎత్తొద్దు పిల్లా. మనవలు బడికెళ్తున్నారు."

"నువ్వు చెప్పకపోతే భార్గవి ఎందుకు కొట్టిందో తెలీదు చేచీ."

"తెలుసు. అయినా ఎత్తొద్దు."

ఎత్తబోమని ఓమన మాట ఇచ్చింది. ఆ మాట షెడ్డంతా ఇచ్చింది. భార్గవి ఉద్యోగం నిలబెట్టగల ఒకే ఒక్క సంగతి ఆ మాటతో మూతపడింది.

*

ఆఫీసు గదిలో విచారణాధికారిగా ఫిలిప్పోస్ వకీలు కూర్చున్నాడు. ఆయన ఫీజు ఫ్యాక్టరీదే. ఆయన వెనక కుర్చీలో మేనేజరు, పక్కన టైపు మిషను. సాక్షులు ఒక్కొక్కరే వచ్చారు.

"నువ్వు కూడా ఏమీ చూడలేదా?" వకీలు కలం మూత కూడా తీయకుండా అడిగాడు.

"ఆఖరి వరస సారే. నాకు కనపడలేదు" అంది ఐషా బీవి. "ముందు వరసలో కర్రల చప్పుడు ఆగిపోవడం వినపడింది. మాకు చప్పుడు ఆగిందంటే ఏదో అయిందని."

మరొకామె మేస్త్రి జేబులోంచి బిళ్ల మూల కనపడిందంది. ఇంకొకామె బిళ్ల కోసం ఎవరో బతిమాలడం విన్నానంది. వేరొకామె నేల మీద తడి చూశానంది.

"ఎవరు చేసిన తడి?"

"చెప్పను సారే. చెప్పనన్నానని రాసుకోండి."

వకీలు కలం మూత తీశాడు. ఎవరి మాటా మరొకరి మాటలా లేదు, ఏ మాటా మరో మాటను కొట్టేయడం లేదు. "భార్గవి కొట్టిందా?" అని అడిగితే ముందు వరసవాళ్లంతా "కొట్టింది సారే, కర్రతో" అన్నారు. మేనేజరు వెనక్కి వాలి నవ్వాడు. "ఇంకేం కావాలి? ముగించండి."

"నేను మేస్త్రిని అడగాలి" అని ఓమన లేచింది. "బిళ్ల జేబులో పెట్టుకోమని మీకెవరు చెప్పారు?"

దివాకరన్ కళ్లు వకీలు భుజం మీదుగా వెనక కుర్చీ వైపు వెళ్లి, అక్కణ్నుంచి నేల మీదికి జారాయి.

"ఆ ప్రశ్న అభియోగానికి సంబంధించింది కాదు" అన్నాడు వకీలు.

"సంబంధం లేదనే రాయండి సారే. ముందు నేను అడిగానని, ఆయన జవాబు చెప్పలేదని కూడా రాయండి."

"విచారణ నాకు నేర్పుతావా?"

"నేనే ఇంకా నేర్చుకుంటున్నా సారే."

సరిగ్గా అప్పుడు గుమ్మంలో, తాటాకు గొడుగు కింద వానకు తడిసి, కుంజుపెణ్ణు కనపడింది. వరండాలో నిలబడి ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క సాక్షీ కుంజుపెణ్ణు పేరు దగ్గరికి వచ్చి ఆగిపోవడం, ఆ ఖాళీని దాటుకుని వెళ్లడం ఆమె విన్నది.

"ఆ తడి నాది" అంది.

ఓమన చటుక్కున అటు తిరిగి, "వద్దు చేచీ" అంది.

"కూర్చోవే. మీరందరూ కలిసి కప్పితే ఇంకా బరువవుతోంది."

ఆమె చెప్పింది. బల్ల ముందు ఎలా నిలబడిందో, ఎన్ని మాటలు బతిమాలిందో, నిలబడ్డచోటే ఎలా అయిందో చెప్పింది. వకీలు గొంతు సవరించుకుని టైపిస్టుకు వాక్యం అందించాడు: "ఆ సమయమున సాక్షికి కొంత వ్యక్తిగత అసౌకర్యము కలిగినది."

"ఏం రాశాడే?" కుంజుపెణ్ణు అడిగింది. ఓమన చదివి చెప్పింది.

"నేనన్నది అది కాదు సారే. 'బిళ్ల అడిగితే ఇవ్వలేదు, నిలబడ్డచోటే పోసుకున్నాను.' అలా రాయండి."

"అటువంటి మాటలు రికార్డులో బాగుండవు."

"చెప్పిన నాకే సిగ్గు లేనప్పుడు రాసే చేతికెందుకు సారే సిగ్గు? అలా రాస్తేనే వేలిముద్ర. లేకపోతే లేదు."

వకీలు కుర్చీలో కదిలాడు. మేనేజరు ముసలామెను బయటికి పంపేయమన్నాడు. ఐషా బీవి చప్పుడు చేయకుండా వరండా దిగి షెడ్డు వైపు వెళ్లింది. కాసేపటికి కొట్టుడు చప్పుడు ఒక వరస మేర పలచబడింది. మరో వరస ఆగింది. ఆ తర్వాత మిగిలింది వాన చప్పుడొక్కటే. కొలిమి నుంచి కాల్చిన గింజలు మాత్రం గంపల మీద గంపలు వస్తూనే ఉన్నాయి. షెడ్డు గుమ్మంలో పొగలు కక్కుతూ గుట్టపడ్డాయి. గుమాస్తా పరుగెత్తుకొచ్చి మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు.

"అంత సంబరమైతే ఆ దిక్కుమాలిన మాట రాసేయండి!" మేనేజరు అరిచాడు.

టైపు మిషను టకటకలాడింది. ఓమన బిగ్గరగా చదివింది. కుంజుపెణ్ణు సిరాలో వేలు ముంచి అద్దింది. కాగితం మీద నల్లటి మచ్చే పడింది, గీతలు పడలేదు.

"ముద్ర సరిగ్గా పడలేదు" అన్నాడు వకీలు.

"గీతలు మీ జీడినూనె తినేసింది సారే. మిగిలిన వేలు అదే."

*

ఓనం రాకముందే తీర్పు వచ్చింది. అభియోగం రుజువైంది, భార్గవి ఉద్యోగం తీసేశారు. కుంజుపెణ్ణు మాట, మేస్త్రి మౌనం రెండూ ఆ కాగితాల్లో ఉన్నాయి. అయినా 'అవి శిక్షకు సంబంధించినవి కావు' అన్నది ఆఖరి వాక్యం. బిళ్ల తిరిగి మేకుకు వచ్చింది. ఇన్ని తిప్పలకూ దక్కింది ఆ మేకొక్కటే.

"చూశావా? నిజం చెప్పి ఏం సాధించాం?" గేటు బయట ఎవరో గొంతు చించుకున్నారు.

జవాబు చంద్రసేనన్ చెప్పాడు. "అబద్ధం చెప్పినా తీసేసేవాళ్లే. నిరుడు జగదమ్మ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్తే అందులో మన మాట ఒక్కటీ లేదు, అంతా నేర్పిన సాక్ష్యమే. ఈసారి కోర్టుకెళ్లే కాగితంలో మన నోటి మాట ఉంది. నేనే తప్పు చెప్పాను, ఓమనా. ఇప్పుడేం చేద్దాం?"

"వాళ్లు సంబంధం లేదన్న ప్రశ్న ఉంది గదా," అంది ఓమన. "దాన్ని మనం విచారిద్దాం."

మర్నాడు పొద్దున సైరను మోగింది. ఆడవాళ్లు ఎవరి పీటలు వాళ్లు చంకన పెట్టుకుని షెడ్డులోంచి బయటికి వచ్చి, గేటు ముందు బురదలో వరసలు తప్పకుండా కూర్చున్నారు. జగదమ్మ చేపల గంప దించి చివర కూర్చుంది. ఎదురుగా ఒక పీట ఖాళీగా పెట్టారు. అభియోగం ఓమన చదివింది: మరుగుదొడ్డి బిళ్ల దాచిపెట్టమని ఆజ్ఞ ఇచ్చిన దుష్ప్రవర్తన. నిందితుడు మేనేజరు. తన మాట చెప్పుకోవడానికి ఆయనకు పిలుపు అందింది.

"వాడికెందుకే పీట? వాడు మన మాట విన్నాడా?"

"మనం వింటాం. అదే తేడా."

వాన వచ్చింది, వెలిసింది. కొలిమి దగ్గర గింజలు గుట్టలు పడ్డాయి. పోలీసు జీపు వచ్చి రోడ్డు పక్కన ఆగింది; ఇన్‌స్పెక్టరు దిగి, ఎవరు నాయకురాలని అడిగాడు. "పీట పీటనూ అడుగు సారే, ఎవరి సంగతి వాళ్లే చెప్తారు" అంది ఐషా బీవి. ఖాళీ పీట మీదికి ఎవరూ రాలేదు.

"పిలిచాం, రాలేదని రాయి" అంది భార్గవి.

ఓమన రాసింది. కాగితం వరస వెంట నడిచింది. సంతకం చేయగలిగినవాళ్లు చేశారు. మిగిలినవాళ్లు గీతల్లేని వేళ్లు అద్దారు. అందరికంటే ఆఖరున కుంజుపెణ్ణు అద్దింది. పోలీసులు లాఠీలు పట్టుకుని మొదటి వరస దగ్గరికి వస్తుండగా ఓమన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జగదమ్మ చేతికిచ్చింది. జగదమ్మ దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గంప అడుగున, చేపల కింద పెట్టి, గంప నెత్తికెత్తుకుని, "మత్తీ... మత్తీ..." అని కేకేస్తూ పోలీసుల మధ్య నుంచే నడిచిపోయింది.