పిలుపు అందని ఎద్దు

పొలాల అమావాస్య ముందురోజు ఎద్దుల మెడకు వెన్న, పసుపు రాసి, "రేపు మా ఇంటికి భోజనానికి రండి" అని చెవిలో చెప్పడం మా ఆదిలాబాద్ వైపు ఆచారం. పిలవని ఎద్దు పండుగనాడు ఊరి ముందు కట్టే తోరణం దాటదని నమ్మకం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మా బావ ఇస్తారి, పెన్‌గంగ నది అవతలి సంతలో సర్జా అనే ఎద్దును కొన్నాడు. ఇంట్లో పుట్టిన రాముడికి దాన్ని జోడీ చేసి, కొమ్ములకు రంగులు వేసి, పండుగనాడు అందరికంటే ముందు డప్పులతో బయలుదేరాడు. తీరా మామిడాకుల తోరణం కిందికి రాగానే సర్జా మొండికేసింది. వెనక నలభై జోడీలు ఆగిపోయాయి.

"నిన్న పిలువలేదా అన్నా?" అంది పత్తిమిల్లులో పనిచేసే గంగుబాయి.

"రెండుసార్లు పిలిచిన!" బావ మండిపడ్డాడు.

"తెలుగుల పిలిస్తే దానికేం ఎరుక? గది మా మరాఠోళ్ల ఎద్దు!"

జనం గొల్లుమన్నారు. బావ తలకు చుట్టిన రుమాలు సర్దుకుని సర్జా చెవి దగ్గర వంగాడు. గంగుబాయి చెప్పించినట్టే తడబడుతూ, "జేవాయలా యే రాజా" అని, భోజనానికి రమ్మని మరాఠీలో పిలిచాడు.

సర్జా తల ఊపి అడుగేసింది. డప్పులు మోగాయి.

ఇప్పుడు రాముడు కదల్లేదు.

"అరే, ఇంట్ల పుట్టినోనికి గూడ మళ్ల పిలుపు గావాల్నా!" అని కసిరాడు బావ, అప్పటికే రాముడి చెవి దగ్గరికి వంగుతూ.