రాని మనిషి స్కోరు

మా బౌలింగ్ లీగులో రాని మనిషికి కూడా స్కోరు పడుతుంది. కొత్తవాళ్ళకి ఈ మాట చెబితే వేళాకోళం అనుకుంటారు. మాది బంతి దొర్లించి చివర నిలబెట్టిన పిన్నులు పడగొట్టే ఆట, పడిన పిన్నులే స్కోరు; రానివాడు పడగొట్టేదేముంది? కానీ నియమాల పుస్తకంలో ఉంది. టీమ్‌లో నలుగురిలో ఒకడు రాకపోతే, అతని సగటులోంచి పది పిన్నులు తీసేసి, మిగిలింది ప్రతి ఆటకీ అతని పేరున వేస్తారు. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసేవాడికి సన్న అక్షరాలు ఒక లెక్కా? అందుకే నన్ను ప్లీడరంటారు, కెప్టెన్‌గా కూడా నన్నే పెట్టారు.

మిగతా ముగ్గురిలో ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు దర్జీ, మూడో మనిషి మా బావ, అంటే మా అక్క మొగుడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. బంతిలో వేళ్ళు ఎంత లోతుకి పెట్టాలో, చివరి అడుగు ఎలా జార్చాలో నాకు నేర్పింది ఆయనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనకుండా.

సీజన్‌లో పదిహేనో వారం అయ్యాక బావకి పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయన సగటు నూట డెబ్బై ఎనిమిది. నెల తిరక్కముందే గండం గడిచింది, మాట తిరిగి వచ్చింది, ఎడమ కాలు మాత్రం ఈడుస్తూ నడిచేవాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆటకి నూట అరవై ఎనిమిది చొప్పున ఆయన పేరున పడుతూనే ఉంది. మేము మూడో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎక్కాం. ఒంట్లో బాగున్నవాడికి ఏదో ఒక వారం చెయ్యి బాగుండదు. రాని మనిషికి ఆ బాధ లేదు.

పద్దెనిమిదో వారం అయ్యాక ఒక శనివారం బావ ప్రాక్టీసుకి వచ్చాడు. తేలిక బంతి తీసుకుని, గీత దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి వదిలాడు. మొదటి ఆట నూట ఎనిమిది, రెండోది నూట పన్నెండు. ఆయన మొహం వెలిగిపోతోంది. నూట అరవై ఎనిమిది ఎక్కడ, ఇదెక్కడ? అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి నాకు మొదట కలిగింది కోపం.

ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు కెప్టెన్లు ఆడేవాళ్ళ కాగితం స్కోరు రాసే బల్ల దగ్గర ఇవ్వాలి. ఇచ్చాక మార్చడానికి లేదు. మరీ ముందుగా ఇవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు. మర్నాడు ఆదివారం పొద్దున, అరగంట ముందే, బావ పేరు పక్కన 'రాలేదు' అని రాసి ఇచ్చేశాను. ఆయన బూట్ల సంచి భుజాన వేసుకుని కాలీడ్చుకుంటూ వచ్చేసరికి అయ్యో బావా, కాగితం ఇచ్చేశానే అని చేతులు నలుపుకున్నాను. పాపం, నమ్మాడు. వెనక వరస కుర్చీలో కూర్చుని మూడు ఆటలూ చూశాడు.

అయ్యాక దగ్గరికి వచ్చి, "ఏరా ప్లీడరూ, ఇవాళ నాకెంత?" అన్నాడు.

మూడు ఆటలకీ కలిపి ఐదు వందల నాలుగన్నాను. కూర్చుని కొట్టినదానికి ఫరవాలేదే అన్నాడు. అందరం నవ్వాం.

తర్వాతి వారం ఆయన గంట ముందు వచ్చాడు. నేను కాగితం శనివారమే ఇచ్చి వెళ్ళాను. ఆ తర్వాత డాక్టరు చీటీ తెమ్మన్నాను. తెచ్చాడు. చీటీ మీద తేదీ పాతదన్నాను. ప్రతి వారం ఆయన వెనక కుర్చీలో కూర్చోవడం, చివర్లో నాకెంత అని అడగడం, మేము నవ్వడం మామూలైపోయింది.

ఒక మధ్యాహ్నం అక్క దుకాణానికి వచ్చింది. బావ ఇంట్లో నడవాలో సుద్దతో గీత గీసుకుని, ఇసక పోసిన రంగుడబ్బా చేత్తో పట్టుకుని అడుగులు వేస్తున్నాడట. ఒక్క ఆట ఆడించరా, ఇంట్లో వేరే మాటే లేదు అంది. ఆ నున్నటి నేల మీద పడి తుంటి విరిగితే ఈసారి మంచం దిగడు, ఎత్తేదీ దించేదీ నువ్వే, ఆలోచించుకో అన్నాను. అక్క మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. తర్వాత ఆవిడే ఆయన్ని ఆపబోయిందని, ఇద్దరికీ మాటల్లేవని తెలిసింది. నాకు సిగ్గేసింది. అయినా ఆ ఆదివారం కూడా 'రాలేదు' అనే రాశాను.

ఇరవై నాలుగోది ఆఖరి వారం, కప్పు తేలే రోజు. బావ తలుపులు తీయకముందే బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కాగితం నా ముందే రాయరా అన్నాడు. ఇక సాకులు అయిపోయాయి.

"నువ్వు ఆడితే ఆటకి నూట పది బావా. ఆడకపోతే నూట అరవై ఎనిమిది. మూడు ఆటలకి నూట డెబ్బై నాలుగు పిన్నుల తేడా. మాకు కావలసింది నువ్వు రాకపోవడం."

పళ్ళ డాక్టరు బంతి తుడుచుకుంటూ ఉండిపోయాడు. దర్జీ నీళ్ళకని లోపలికి పోయాడు. బావ వంగి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు.

ముప్పై ఒక్క పిన్నులతో గెలిచాం. ఫొటోలో బావ కూడా ఉన్నాడు, సాక్సుల మీద. ఆ రోజు మాత్రం నాకెంత అని అడగలేదు.

రెండు వారాలకి కొత్త సీజన్ పేర్లు రాయించుకోవడం మొదలైంది. ఇక్కడ ఇంకో నియమం ఉంది. టీమ్‌లో నలుగురి పాత సగటులూ కలిపి ఆరు వందల ఎనభై దాటకూడదు. డాక్టరుది నూట ఎనభై ఒకటి, నాది నూట డెబ్బై రెండు, దర్జీది నూట అరవై మూడు. రాని ఆటలకి వేసిన స్కోరు సగటులో కలవదు కనక బావది ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, నూట డెబ్బై ఎనిమిది. మొత్తం ఆరు వందల తొంభై నాలుగు. పద్నాలుగు ఎక్కువ.

పెన్సిల్ తీసుకుని లెక్క కట్టాను. ఆ ఆరు వారాలూ ఆడనిచ్చి ఉంటే, ఆటకి నూట పది చొప్పున పడినా, ఆయన సగటు నూట యాభై ఎనిమిదికి దిగేది. టీమ్‌లో హాయిగా ఇమిడేవాడు. ఇప్పుడు జబ్బు సంగతి చెప్పుకుని సగటు తగ్గించుకోవడానికి లేదు. రెండేళ్ళ కిందట వేరే టీమ్‌వాడు చెయ్యి బెణికిందని తగ్గించమంటే, అడ్డం పడి, అడిగితే తగ్గించకూడదని నియమం రాయించింది నేనే. తగ్గాలంటే ఆడాలి. ఆడాలంటే టీమ్ ఉండాలి.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర కొత్తగా చేరిన గుమాస్తా బావ అంకె చూసి లేచి నిలబడ్డాడు.

"నూట డెబ్బై ఎనిమిదా! మీకు టీమ్ దొరక్కపోవడమేంటండీ?"

ఆ మాట విని, బావని ఎరగని ఇద్దరు కొత్త కెప్టెన్లు గబగబా వచ్చారు. బావ వాళ్ళతో నడుస్తూ రెండడుగులు వేశాడు. ఇద్దరికీ ఏవో పనులు గుర్తొచ్చాయి. అంత చోటు తినేసి నూట పది కొట్టే మనిషిని ఎవరు మాత్రం తీసుకుంటారు? బావ నా వైపు చూశాడు. నేను నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఆయన చోటులో నూట అరవై సగటున్న బస్సు డ్రైవరుని రాయించాను.

కొత్త సీజన్ మొదటి ఆదివారం బావ వచ్చాడు, సంచి లేకుండా. అదే వెనక కుర్చీలో కూర్చున్నాడు. మూడు ఆటలూ చూశాడు. మేము గెలిచాం. బూట్లు విప్పుకుంటుంటే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏరా ప్లీడరూ, ఇవాళ నాకెంత?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏమీ లేదు బావా అన్నాను, తల ఎత్తకుండా.

"సున్నా అన్నమాట."

"సున్నా పడాలన్నా కాగితం మీద పేరుండాలి బావా" అన్నాను.

అదీ పుస్తకంలో ఉంది.