లావు అక్షరాలు

ఎవరో ఏరి పెట్టిన వార్తలంటే మా ఆవిడకు పడేది కాదు. "నేను పిలిచినవాళ్లే నా గుమ్మం ఎక్కాలి" అనేది. అందుకే కంప్యూటర్‌లో ఫీడ్ రీడర్ పెట్టుకుని, తనకు నచ్చిన సైట్ల ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు అందులో చేర్చింది. రెండు వార్తాపత్రికలు, పాత గడియారాలు బాగుచేసే ఒకాయన, నత్తల్ని పెంచే ఒకావిడ, వంతెనల పిచ్చి ఉన్న రిటైర్డ్ ఇంజనీరు. వాళ్లు ఏం రాసినా వరసలో వచ్చి చేరుతుంది. చదవనివి లావు అక్షరాల్లో ఉంటాయి. చదవగానే సన్నబడతాయి. తను పాతవాటి నుంచి వరసగా చదివేది, ఒక్కటీ దాటేసేది కాదు. భోజనాల దగ్గర ఆ కబుర్లే నాకు నంజుకోడానికి.

తను పోయాక రీడర్ తెరిచేవాణ్ణి కానీ దేన్నీ నొక్కలేదు. సన్న అక్షరాలు ఎక్కడ ఆగాయో అక్కడే తను ఆగింది. కిందికి వెళ్లి ఆ చోటు చూసే ధైర్యం చాల్లేదు. ఉందని తెలిస్తే చాలనుకున్నాను. నత్తలావిడకు సంగతి తెలియదు కనక లావు అక్షరాలు పెరుగుతూనే ఉన్నాయి.

ఒక ఆదివారం మరదలు వచ్చింది. వంటింటి గట్టు తుడిచి, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"బావా, ఎన్ని పేరుకుపోయాయండీ, అంట్ల గిన్నెల్లా! అన్నీ వదిలించేశాను."

"ఏం చేశావమ్మా?"

"'అన్నీ చదివినట్టే' అని బటనుంది. ఒక్క నొక్కు! ఆఫీసులో మెయిళ్లన్నిటికీ నేను చేసేది ఇదే."

"అన్నీ చదివేస్తావా?"

"చదివే తీరికెక్కడిది? చదివినట్టు చేస్తాను. ప్రమోషన్ ఊరికే ఇచ్చారా మరి!"

అన్నీ సన్నబడి, తను ఆగిన చోటు చెరిగిపోయింది. అయినా మరదలి మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

ఆ సాయంత్రం నుంచి నేను వెనక్కి చదవడం మొదలుపెట్టాను. తను నాకు చెప్పిన కబురు ఎక్కడ తగిలితే అక్కడే హద్దు. నేను దిద్దాల్సిన పిల్లల పరీక్ష పేపర్లు పక్కన పెట్టి నత్తల గుడ్ల గురించి చదివాను. గడియారం స్ప్రింగుల గురించి చదివాను.

మళ్లీ వచ్చిన మరదలు మురిసిపోయింది. "చూశారా, సర్దిపెడితే చదవబుద్ధవుతుంది!"

"అవునమ్మా. నత్తకు ఎన్ని పళ్లుంటాయో తెలుసా?"

"నేను అడగలేదు, మీరు చెప్పకండి."

చివరికి దొరికింది. వంతెన కింద గబ్బిలాలు కాపురం పెట్టాయని రంగు వేసే పని ఆపేశారట. ఆ రోజు ఇది చెబుతూ నవ్వితే తనకు పొలమారింది. నేను నీళ్లందించాను.

దాని తర్వాతది, తను చదవకుండా మిగిలిన మొదటిది, గడియారాలాయనది. మళ్లీ తెరిచాను. "పంటి నొప్పి. ఈ వారం ఏమీ రాయడం లేదు."

ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది ఆయన పంటికన్నమాట. అయినా దాన్ని చదవనట్టుగా మార్చాను. అక్షరాలు మళ్లీ లావయ్యాయి.

తర్వాతి ఆదివారం మరదలి కన్ను దాని మీదే పడింది. "అయ్యో బావా, ఒకటి మిగిలిపోయిందే! నొక్కెయ్యనా?"

"వద్దమ్మా. అది మీ అక్కది."

మరదలు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "సరే, ఉండనివ్వండి" అంది.