బయటివాళ్ళ కాగితం

పొద్దున ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సెక్కి, రెజిమెంటల్ బజార్ దగ్గర దిగి, ఒక అల్లం చాయ్ తాగి కుసుమకుమారి ప్రచారం ఆటోలో కూర్చునేది. లూకా మైకు బిగించేవాడు. ఇక సందు సందూ తిరుగుతూ మైకులో చెప్పడమే ఆమె ఉద్యోగం. నల్లా నీళ్ళు రోజూ వస్తాయి, మోరీలు బాగవుతాయి, తుకారాం అన్నను గెలిపించండి.

ఆమె మాట్లాడేది తెలుగే. వినేవాళ్ళకు మాత్రం ఎవరి ఇంటి భాషలో వాళ్ళకు వినిపించేది. తమిళులకు తమిళం, ఉర్దూ వాళ్ళకు ఉర్దూ, పాలమూరు నుంచి వచ్చి పూలమ్ముకునే పుష్పమ్మకు అచ్చంగా పాలమూరు యాస. చిన్నప్పటి నుంచీ అంతే. బడిలో ప్రతిజ్ఞ ఎప్పుడూ ఆమె చేతే చెప్పించేవాళ్ళు. కొందరి చేతివంటకు రుచి ఉన్నట్టు, ఆమె గొంతు తీరు అది అనుకున్నారు గానీ ఎవరూ వింతగా చూడలేదు.

తుకారాం స్టీలు సామాన్ల కొట్టు నడిపే మనిషి. బజారులో ఏ ఇంట్లో చావైనా పెళ్ళయినా ముందుగా చేరేది ఆయనే. కార్పొరేటర్ టికెట్ ఇస్తామని పార్టీ పెద్దలు ఆశపెట్టారు గానీ ఇంకా ఖాయం చెయ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "పైనుంచి వచ్చింది. సాయంత్రం మీటింగుల ఇది సదువాలె."

కుసుమకుమారి చదివింది. 'ఇది మా జాగ. బయటినుంచి వచ్చినోళ్ళు సామాను సర్దుకోవాలె. మీ ఊరికి మీరు పోవాలె.'

"ఎవరన్నా ఈ బయటివాళ్ళు?"

"పేర్లు రాస్తే కేసు అయితది. ఎవలకు తగలాల్నో వాళ్ళకు తగుల్తది."

"మీరే చదవొచ్చు కదన్నా?"

"నీ గొంతు ఉండంగ నాదెందుకు?" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆ పూట ఆమెకు కాలు నిలవలేదు. కాగితం సంచిలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. స్టేషన్ దాకా నడిచి ఊరికే వెనక్కొచ్చింది. అన్నం డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు. చివరికి తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగానికని అమలాపురం నుంచి వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు.

"నాన్నా, మనల్ని ఎవరైనా ఎప్పుడైనా వెళ్ళిపొమ్మన్నారా?"

"అన్నారమ్మా, ఒకప్పుడు. అన్నవాళ్ళే వచ్చి నీ బారసాలకి వంట చేశారు. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే."

చదవనంటే ఉద్యోగం పోతుంది. చదివితే ఏం పోతుందో ఆమెకు తెలియలేదు.

ఆరు గంటలకు బజారు కూడలి నిండింది. ఆమె మైకు పట్టుకుని, తలెత్తకుండా, గబగబా చదివేసింది.

చప్పట్లు రాలేదు. తల ఎత్తి చూస్తే జనం లేచి నిలబడుతున్నారు. ఇస్త్రీ బండివాడు బొగ్గుల మీద నీళ్ళు చల్లాడు. బట్టల కొట్టు షట్టరు దిగింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరి మాతృభాషలో వాళ్ళకు, తమనే పేరుపెట్టి పొమ్మన్నట్టు వినిపించింది. పార్టీ కండువాల వాళ్ళు కూడా స్టేజీ దిగి చెప్పులు వెతుక్కుంటున్నారు. మైకులోంచి తిరిగొచ్చిన మాట కుసుమకుమారికి పోయిన నాయనమ్మ గొంతులో, కోనసీమ యాసలో తగిలింది.

లూకా వైర్లు చుట్టడం షురూ చేశాడు. "మా తాత మిలిట్రీ పల్టన్ వెంబడి మద్రాసు నుంచి వచ్చిండు మేడమ్. నేను ఏడికి పోవాలె?"

తుకారాం కుర్చీలోంచే ఆమెను పిలిచాడు. "నాకు మరాఠీల వినబడ్డది కుసుమా. మా అమ్మ మాట్లాడినట్టే." జనం వైపు చెయ్యి చూపి, "జెర వాళ్ళను కూసోమను" అన్నాడు.

"నేను చెప్పనన్నా. పొమ్మన్న కాగితం మీరిచ్చింది. ఉండమనేది కూడా మీరే అనాలి."

ఆయన జేబులో ఫోన్ మోగింది. పార్టీ పెద్దలు. ఆ ఫోన్ ఎత్తి ఉంటే టికెట్ ఖాయమయ్యేదేమో. ఆయన ఎత్తలేదు. వారం తిరక్కముందే టికెట్ ఇంకొకరికి పోయింది.

తుకారాం మైకు లేకుండానే స్టేజీ దిగాడు. లూకా చెయ్యి పట్టుకుని వచ్చీరాని తమిళంలో ఏదో అన్నాడు. బట్టల కొట్టాయన గడ్డం పట్టుకుని ఉర్దూలో బతిమాలాడు. కొందరు ఆగారు, కొందరు ఆగలేదు. కుసుమకుమారి మైకు స్టేజీ మీదే వదిలేసి ఆయన వెనకే నడిచింది.

పుష్పమ్మ అప్పటికే పూలగంప నెత్తికెత్తుకుంది.

"పుష్పమ్మా, దించు. ఏడికి పోతవ్?" అన్నాడు తుకారాం.

"నువ్వే పొమ్మంటివి గదయ్యా."

"తప్పయింది. ఉండు."

ఆమె గంప దించలేదు.

"నాకు ఒక్కదానికి గాదు. అందరికి ఇనబడేటట్టు జెప్పు."

తుకారాం బజారు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.