రోడ్డుకు కిందున్న ఇల్లు

గునపం దిగినప్పుడల్లా రోడ్డు పొరలు పొరలుగా లేస్తోంది. పైన సిమెంటు, దాని కింద తారు, ఆ కింద కంకర, ఇంకా కింద మరో తారు. మేస్త్రి ఒక్కో పొరనీ గుర్తుపట్టి మరీ తిడుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆ కంకర తట్టలు మోసింది తనే. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిమీదే కొత్తది పరిచి చక్కా పోయారు. అలా రోడ్డు ఎదుగుతూ వచ్చింది, అతని ఇల్లు కట్టినచోటే ఉండిపోయింది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళాలి.

"ఇల్లు గుంటలో కట్టావేంటి మేస్త్రీ?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఒళ్ళు మండిపోయేది.

"నేను గుంటలో కట్టలేదు. నా చుట్టూ గట్టు కట్టారు" అనేవాడు.

అతని అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలీదు. వాటం మేస్త్రి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. గచ్చు చేసినా, కప్పు వేసినా, నీళ్ళు ఎటు పోవాలన్నదే ముందు అడిగేవాడు; అందుకని ఆ పేరు. మనిషి పొట్టి, మెడ ఇంకా పొట్టి. సిమెంటు తినేసిన వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర పడక, ప్రతి ఆఫీసులోనూ పక్కన నిలబడమనేవాళ్ళు. అతను పక్కన నిలబడేవాడు కాదు, అక్కడే నిలబడి వాదించేవాడు.

ఊరికి మురుగు పథకం వచ్చినప్పుడు ఇంటింటికీ గొట్టాలు కలిపే పనిలో చేరాడు. మొదట్లో ఒక్కరూ ముందుకు రాలేదు. మా గుంత మాకుంది అన్నవాళ్ళు కొందరు, తవ్వితే గోడ కూలుతుందన్నవాళ్ళు కొందరు. పక్కింటివాళ్ళది తమ పెరట్లోంచి పోతే పరువేం కావాలని మంచమెక్కిన పెద్దమనిషి ఒకాయన. మేస్త్రి ఒకరిని బతిమాలాడు, ఒకరిని బెదిరించాడు, ఆ పెద్దమనిషితో "పోయేటప్పుడు మీదీ వాళ్ళదీ మాట్లాడుకుంటూ పోవులెండి" అన్నాడు. అలా ఇల్లిల్లూ కలుపుకుంటూ రాగా, చివరికి పల్లపు వరసలో మూడిళ్ళు మిగిలాయి. వాటిలో మొదటిది అతనిదే.

"నీళ్ళు పైకెక్కవు మేస్త్రి గారూ" అంది ఇంజనీరమ్మ కొలతలు తీశాక. "మీ మరుగుదొడ్డి మా గొట్టం కన్నా కిందుంది. పంపు పెట్టాలి. రెండో దశలో చూద్దాం."

ఆమె చెప్పింది నిజమే. అది అతనికీ తెలుసు. తెలిసే కడుపు మండింది. పుట్టిందగ్గర్నుంచీ తన వంతు రెండో దశలోనే ఉంటోంది.

వానలు పడితే వాళ్ళ గుంత నిండి, పోయిందంతా వెనక్కి వచ్చేది. అప్పుడు అతని భార్య కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రోడ్డెక్కి, ఎదురింటి కొట్టామె గుమ్మంలో నిలబడేది. "వదినా, దొడ్డి తాళం..." అని సగంలో ఆపేసేది. కొట్టామె మంచిదే. ఏనాడూ కాదనలేదు, మొహం చిట్లించలేదు. అయినా సగంలో ఆగిపోయే ఆ మాట మేస్త్రికి గుండెల్లో ముల్లులా ఉండేది. కూతురు పుట్టింటికి వచ్చినా, మబ్బు పట్టిందంటే చీకటి పడకముందే బస్సెక్కేసేది. ఎందుకు ఉండవే అని అడగడం వాళ్ళిద్దరూ ఎప్పుడో మానేశారు. ఈ వానలకి తన పెళ్ళాం ఆ గుమ్మం ఎక్కకూడదు. అతనికి కావలసింది అంతే.

నీళ్ళు పైకెక్కకపోతే దొడ్డే పైకెక్కాలి. వాకిలంతా ఆక్రమించేలా ఇటుకల దిమ్మె కట్టి, దాని మీద దొడ్డి లేపాడు. తొందరలో మొదటిసారి లెక్క తప్పాడు. పోసిన నీళ్ళు గొట్టంలోనే కూర్చున్నాయి. వాటం మేస్త్రికే వాటం కుదరలేదని వీధి పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. అతను దాన్ని పగలగొట్టి, ఇంకా ఎత్తుగా కట్టాడు. ఇప్పుడది ఇంటి కప్పుతో పోటీపడుతోంది. దానికి మేస్త్రి దర్బారని పేరు కూడా పెట్టేశారు.

"లోపల కూర్చుంటే ఊరంతా కనబడుతుందా బాబాయ్?" అనడిగాడు సైకిలు షాపతను.

"నువ్వు కనబడతావురా. అందుకే తలుపు పెడుతున్నా."

ఇవాళ మిగిలింది దిమ్మె నుంచి వీధిలో మురుగు గొట్టాలు కలిసే ఛాంబర్ దాకా గొట్టం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కాలవ తవ్వడం అయింది. గొట్టం పరిచి, అతుకులకి సొల్యూషన్ రాసి, ఛాంబర్ మూత గునపంతో లేపాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. గ్యాసై ఉంటుందనుకుని రెండు త్రేన్పులు తెచ్చుకోబోయాడు, రాలేదు. ఛాంబర్ గోడకి కన్నం పెట్టి గొట్టం మూతి దూర్చి, చుట్టూ సిమెంటు అదిమాడు.

అంతలో పథకం సూపర్‌వైజర్ స్కూటర్ వచ్చి ఆగింది.

"ఎవర్నడిగి తీశావ్ మూత?"

"ఎవర్నడగాలి? ఈ ఛాంబర్ కట్టిందే నేను."

"కడితే నీదైపోతుందా?"

"నాది కాదు, మాది."

సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఇంజనీరమ్మ జీపులో వచ్చింది. ఛాంబర్‌లోకి వంగి చూసింది, దిమ్మె చూసింది, నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "వాటం సరిపోయింది. కానీ జాబితాలో మీ ఇల్లు లేదు. కలపమని నేను చెప్పలేను" అంది.

"చెప్పొద్దమ్మా. కాగితంలో లేకపోతేనేం, నేలమీద ఉన్నాంగా."

"రేపు పైనుంచి మూసేయమంటే?"

"వచ్చినవాడు నన్ను దాటుకుని మూయాలి."

ఆమె అతని మొహంలోకి చూసింది. "చెమటలు పట్టేశాయి మీకు. ముందు నీడలో కూర్చోండి."

"పనయ్యాక కూర్చుంటాలెండి" అన్నాడు. ఆమె జీపెక్కింది. సూపర్‌వైజర్ కూడా గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బకెట్ నీళ్ళలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి భార్య చేతికిచ్చాడు. రంగు కనబడితే నీళ్ళు వచ్చినట్టు. ఆమె ఒక చేత్తో బకెట్, ఇంకో చేత్తో గోడ పట్టుకుని దర్బారు ఎక్కింది. అతను ఛాంబర్ పక్కన బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాడు.

"పోస్తున్నానయ్యోయ్!"

కాసేపు ఏమీ లేదు. కొట్టామె కొట్టు వదిలేసి వచ్చి నిలబడింది. సైకిలు షాపతను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. గొట్టంలో గలగలమని చప్పుడైంది. నీలం రంగు నీళ్ళు సిమెంటు మీద పడి, ఊరందరి నీళ్ళతో కలిసి పోయాయి.

"వచ్చిందే!" అని అరిచాడు మేస్త్రి. ఆ వయసులో మనిషి అంత గట్టిగా అరవడం వీధి ఎప్పుడూ వినలేదు. సైకిలు షాపతను నవ్వడం మర్చిపోయాడు.

"వస్తే వచ్చింది గానీ నేను దిగేదెలా?" అంది భార్య పైనుంచి. "ఈ కింది మెట్టు ఇంత ఎత్తు పెట్టావు, నా మోకాళ్ళేమైనా కొత్తవా?"

"దిగవే మహారాణీ, చెయ్యిస్తా. నీకోసం ఇంకో చిన్న మెట్టు కట్టేస్తాలే, పొద్దు పోకముందే."

చెయ్యిచ్చి దింపాడు. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. అతను తట్టలో సిమెంటూ ఇసుకా కలిపి, నీళ్ళు పోసి, తాపీతో తిప్పాడు. ఊపిరి అందక తాపీ అందులోనే గుచ్చి, దిమ్మెకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆమె టీ గ్లాసుతో వచ్చేసరికి కాళ్ళు బారజాపుకుని, తల పక్కకి వాల్చి ఉన్నాడు. అలిసి నిద్రపోయాడనుకుంది. లేపడం ఇష్టంలేక కాసేపు పక్కనే కూర్చుంది. టీ చల్లారుతోందని భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది.

ఏడవడం అయ్యాక, వచ్చిన చుట్టాలు వెళ్ళాక, ఒక ఉదయం సూపర్‌వైజర్ వచ్చాడు. గొట్టం మూతి మూసేయమని పైనుంచి మాట వచ్చిందట. మేస్త్రి భార్య ఛాంబర్ మూత మీద చతికిలపడి కూర్చుంది.

"లేవండమ్మా. నా ఉద్యోగం నేను చేసుకోవాలి."

"తనని దాటుకుని మూయమన్నాడుగా. ఆయన లేడు. నన్ను దాటు."

కొట్టామె వచ్చి ఆమె పక్కన కూర్చుంది. సూపర్‌వైజర్ చుట్టూ చూశాడు. పల్లపు వరసలో మిగిలిన రెండిళ్ళ వాకిళ్ళలోనూ కొత్త ఇటుకలు దించి ఉన్నాయి. ఒక ఇంట్లో అప్పుడే దిమ్మె మోకాలెత్తు లేచింది.

"ఎన్నని మూస్తాన్లే" అని స్కూటర్ తిప్పుకుని పోయాడు. మళ్ళీ రాలేదు.

వానలు మొదలైన రోజున కొట్టామె గొడుగేసుకుని తనే తాళంచెవి పట్టుకొచ్చింది. "తీసుకో వదినా, అడగడానికి మొహమాటపడతావని..."

"నాకెందుకు వదినా?" అంది మేస్త్రి భార్య. "నాదుంది."

ఆ మాట ఎక్కడా ఆగకుండా పూర్తిగా వచ్చింది. గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి, ఎత్తు మెట్టు ఎక్కింది. పక్కింటాయన చిన్న మెట్టు తను కట్టిస్తానన్నాడు గానీ ఆమె వద్దంది. మెట్టు దగ్గర తట్టలో సిమెంటు రాయై పోయింది. వానలో తడుస్తూ, తాపీ అందులో నిటారుగా నిలబడి ఉంది.